విడిపోని జెల్

విశ్వంభర్ ఒండ్రుమట్టి గురించి నలభై నిమిషాలు ఏకధాటిగా మాట్లాడగలడు. దాన్ని చేత్తో ముట్టుకోమంటే మాత్రం గ్లవ్స్ అడుగుతాడు.

ఆ రోజూ అంతే. మృత్స్న ల్యాబ్స్ మీటింగ్ హాల్లో తెర మీద మడ అడవి బొమ్మ వేసి, "ప్రకృతి తన గర్భంలో దాచుకున్న యవ్వన రహస్యం" అని గొంతులో వణుకు తెచ్చుకుని చెబుతున్నాడు. ఆయన ఆ కంపెనీకి డైరెక్టరు. వెనక వరసలో కూర్చున్న నూకరత్నం ఆ బొమ్మకేసి చూసి పళ్ళు కొరుక్కుంది. అది కోరంగి అడవి కాదు. ఎక్కడో పరాయి దేశపు చెట్లు. కాకినాడ నుంచి ముప్పావుగంటలో అసలు అడవి ఉంటే, వెళ్ళి ఒక్క ఫోటో తీసుకురావడానికి కూడా ఈ మహానుభావుడికి బద్ధకం.

నూకరత్నం అక్కడ సీనియర్ కెమిస్టు. పుట్టింది ఆ కోరంగి పాయల ఒడ్డునున్న నడిలంకపేటలో. నాన్న పీతలు పట్టేవాడు. అమ్మ ఉప్పునీళ్ళకి చీలిన చేతులకి పాయలోని నల్ల ఒండ్రు తెచ్చి పట్టించేది. వారం తిరక్కుండా చీలికలు పూడేవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి ఒకసారి నోరు జారి చెప్పింది. ఆర్నెల్లు తిరిగేసరికి అది విశ్వంభర్‌కి ధ్యానంలో తట్టిన ఆలోచన అయిపోయింది.

ఆలోచన ఎవరిదైతేనేం, జెల్ మాత్రం నిలబడలేదు. ఒండ్రుని కడిగి, ఇసక తేర్చి, సారం తీసి జెల్ చేస్తే మూడు వారాలపాటు కాటుకలా నిగనిగలాడేది. ఆ తర్వాత పైన కషాయంలాంటి నీరు, అడుగున గడ్డకట్టిన మట్టి. అలా విడిపోయిన సీసాలు అలమరలో ముప్పై ఒకటి పోగయ్యాయి.

"సీసా మీద 'వాడే ముందు బాగా కలపండి' అని వేయిస్తే సరిపోదూ?" అన్నాడు విశ్వంభర్, మీటింగ్ చివర.

"అలా వేసేది దగ్గుమందు మీద సర్."

నలుగురు నవ్వారు. విశ్వంభర్ నవ్వలేదు.

"ఒండ్రులోనే లోపం ఉంది" అంది నూకరత్నం. "మీ కాంట్రాక్టరు లోపలికి పోకుండా రోడ్డు పక్క గట్టు తవ్వి తెస్తున్నాడు. అది ఇల్లు కట్టుకోవడానికి పనికొస్తుంది. నేను వెళ్ళి తెస్తాను."

"మీరా? పీహెచ్‌డీ చేసి బురదలో దిగుతారా?"

"నేను పీహెచ్‌డీ చేసిందే బురద మీద సర్. నా థీసిస్ మీద మీరు సంతకం కూడా పెట్టారు."

*

పేటలో నావ ఒకటి మాట్లాడుకుని, పోటు నీళ్ళు వెనక్కి తీసిన వేళ చూసుకుని లోపలికి వెళ్ళింది. ఎనిమిది పాయల్లో మట్టి తీసే గొట్టం దింపింది. ప్రతిచోటా పైకొచ్చిన ఒండ్రుని ముద్దగా చేసి నావ బల్ల మీద ఎండలో పెట్టింది. గంటలో అన్నీ నెర్రెలు విచ్చాయి. తొమ్మిదో పాయ సన్నగా ఉంది. నావ తిరగడానికి కూడా చోటు లేదు. అక్కడ గొట్టం మనిషిలోతు దిగింది. పైకొచ్చిన ముద్ద మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో ఉన్నా తడి ఆరలేదు, పగల్లేదు. దాని మీద వేలితో గీత గీసింది. చూస్తూండగానే గీత పూడిపోయింది.

నావ నడిపే మనిషి భయపడి కాస్త వెనక్కి జరిగాడు. నూకరత్నం మాత్రం మోకాళ్ళ లోతు బురదలో నిలబడి పెద్దగా నవ్వింది.

ఆ సారంతో చేసిన జెల్‌ని ల్యాబ్‌లో ఆమె పెట్టని హింస లేదు. వేడిలో పెట్టింది. గడ్డకట్టించింది. గిర్రున తిప్పే యంత్రంలో వేసి పూటంతా తిప్పించింది. విడిపోలేదు. సూక్ష్మదర్శిని కింద చూస్తే కారణం తెలిసింది. ఆ పాయ అడుగున బతికే కంటికానని జీవులు వెంట్రుకలో వెయ్యోవంతు సన్నని పోగులు అల్లుతున్నాయి. మరిగిస్తే జీవులు చచ్చాయి కానీ పోగులకి ఏమీ కాలేదు. సూదితో తెంపితే తెగిన కొసలు ఒకదాన్నొకటి వెతుక్కుని మళ్ళీ ముడిపడ్డాయి. చిటికెడు ఉప్పు అందితే చాలు, ఎన్నిసార్లు తెంపినా అంతే.

ఉప్పు తినే పోగు! ప్రపంచంలో ఎవరూ చూడనిది తన కళ్ళ ముందు కదులుతూంటే, ఈ గదిలో దాని విలువ తెలిసిన బుర్ర తనదొక్కటేనని నూకరత్నానికి గర్వంగా ఉండేది. మిగతావాళ్ళు ఆమె కంటికి గాజుసీసాలు కడిగేవాళ్ళలాగే కనిపించారు. దీన్ని మనిషి మీద వాడాలంటే ముందు జంతువుల మీద, తర్వాత నైతిక కమిటీ, ఆ తర్వాత ఇంకో కమిటీ. ఆ కమిటీల్లో కూర్చునేవాళ్ళు ఆమెకి తెలుసు. ఫైలు అట్ట మీద పేరు తప్పు పడిందని రెండు నెలలు తిప్పి పంపే రకం. ఆ రోజు సాయంత్రం చిన్న సీసాలో జెల్ నింపి, చేతిసంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయింది.

*

జగన్నాథపురంలో ఆమె ఇంటి వెనక వాటాలో చెల్లెలు సత్యవేణి ఉంటుంది. మొగుడు బోటు మీద కలాసీ. పదేసి రోజులు సముద్రం మీదే. ఏడాదిన్నర కూతురు లాస్య. సత్యవేణి ఏడేళ్ళుగా రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసునీళ్ళలోంచి రొయ్య తీసి, తల తుంచి, డొప్ప ఒలవాలి. నీళ్ళలో క్లోరిన్. రొయ్య ముక్కు మీద ముల్లు. వాళ్ళిచ్చే గ్లవ్స్ రెండో రోజుకే చిరిగిపోతాయి. అరచేతులు తెల్లగా నాని, చీరుకుపోయి, వేళ్ళ సందుల్లో పచ్చిపుండ్లు.

"ఏంటక్కా ఇది? అమ్మ పెట్టే బురదే గదా" అంది సత్యవేణి, సీసా వాసన చూసి.

"అమ్మ పెట్టింది బురదే. ఇది అది కాదు. నోర్మూసుకుని రాసుకో."

ఆరో రోజుకి పుండ్లు మాయమయ్యాయి. పదో రోజుకి ఆ చేతులు ఏ పనీ చేయని చేతుల్లా, కడిగిన శంఖంలా తయారయ్యాయి. సత్యవేణి వాటిని తిప్పి తిప్పి చూసుకుని ఏడ్చింది. వీధిలో నలుగురికీ చూపించుకొచ్చింది.

"ఐసు కూడా తెలీట్లేదక్కా" అంది ఒకరోజు అన్నం తింటూ.

నూకరత్నం ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుంది. 'చలి బాధ తగ్గింది. అదనపు ప్రయోజనం.' కింద గీత కూడా గీసింది. ఆ గీతని తర్వాత ఎన్నిసార్లు చూసుకుని తన మీద తానే ఉమ్మేసుకోవాలనుకుందో లెక్కలేదు. ఇరవయ్యేళ్ళు చదివిన మనిషి. చల్లదనం తెలియట్లేదంటే ఇంకా ఏమేం తెలియట్లేదని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఈలోపు విశ్వంభర్‌కి సంగతి తెలిసిపోయింది. దాస్తే కదా, ఆమే గర్వంగా చెప్పింది. నియమం తప్పారని ఒక్క నిమిషం కోప్పడి, రెండో నిమిషంలో ఆ చేతుల ఫోటోలు కావాలన్నాడు. మూడో వారానికి ల్యాబ్‌కి కొత్త మనిషి రావడం మొదలైంది. కర్రి శేషగిరి, రొయ్యల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, చొక్కా జేబులో మూడు పెన్నులు, వాటిలో రాసేది ఒక్కటీ లేదు.

"మీ చెల్లెలుగారు మేడం, అసలు ఆగట్లేదండి" అన్నాడు సంబరంగా. "మిగతావాళ్ళు గంటకోసారి చేతులు వెచ్చబెట్టుకోవాలంటారు. ఆవిడ లేవదు. ముల్లు గుచ్చుకున్నా చూసుకోదు. అలాంటి చేతులు రెండొందల మందికి కావాలండి."

ముల్లు గుచ్చుకున్నా చూసుకోదు. ఆ మాట దగ్గర నూకరత్నం చేతిలో పెన్ను ఆగింది. శేషగిరి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఆశ తప్ప ఏమీ లేదు. వీడికేం తెలుస్తుందిలే అనుకుని తల తిప్పుకుంది. ఆ పూట కూడా వదిలేసింది.

*

ఆదివారం మధ్యాహ్నం సత్యవేణి పిల్లని భుజాన వేసుకుని ముందు వాటాలోకి వచ్చింది.

"పొద్దుట్నించీ తూగుతానే ఉందక్కా. పాలు తాగట్లేదు. ఒళ్ళు చూశాను, చల్లగానే ఉంది."

నూకరత్నం పిల్లని అందుకుంది. ఆ చిన్న ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"చల్లగా ఉందంటావేంటే!"

"నుదుటి మీద చెయ్యేసి చూశాను గదా..." సత్యవేణి మళ్ళీ చెయ్యి వేసింది. నుదుటి మీద, మెడ మీద, పొట్ట మీద. ఆమె మొహంలో మెల్లగా ఏదో అర్థమవుతూ వచ్చింది. "అక్కా, నాకేం తెలవట్లేదేంటి?"

అప్పుడే పిల్ల కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలెట్టింది.

ఆటోలో ఆసుపత్రికి ఎలా చేరారో ఇద్దరికీ గుర్తులేదు. ఇంజెక్షను పడ్డాక పిల్ల తేరుకుంది. డ్యూటీ డాక్టరు కుర్రవాడు. చీటీ రాస్తూ సత్యవేణి కేసి, ఆమె నలిగిన చీర కేసి చూశాడు.

"నూట అయిదు దాటింది. ఒళ్ళు అంతలా మండుతుంటే తెలీలేదా అమ్మా? చెయ్యేసి చూడ్డం కూడా రాదా? కనగానే సరిపోదు."

సత్యవేణి తల దించుకుంది. తన రెండు చేతుల్నీ కొంగులో దాచుకుంది. పక్కనే నూకరత్నం నిలబడి ఉంది. డాక్టరు ఆమెతో మాత్రం గౌరవంగా, "మీరు తీసుకొచ్చారు కాబట్టి సరిపోయిందండి" అన్నాడు. తప్పు దానిది కాదు, నాది, అని చెప్పడానికి ఆమెకి అయిదు నిమిషాల వ్యవధి ఉంది. చెప్పలేదు. మందుల చీటీ తీసుకుని, "థాంక్స్ డాక్టర్" అంది.

జీవితంలో ఎంతోమందిని చులకనగా చూసింది నూకరత్నం. తనని తాను అలా చూసుకోవడం అదే మొదలు.

*

మర్నాడు చెల్లెల్ని ల్యాబ్‌కి తీసుకెళ్ళి కళ్ళకి గంతలు కట్టింది. సూదిమొన, దూది, మంచుముక్క, వేడినీళ్ళ గిన్నె ఒకదాని తర్వాత ఒకటి అరచేతికి ఆనించింది. మణికట్టు పైన ఆనిస్తే సత్యవేణి ఉలిక్కిపడింది. కింద ఆనిస్తే, "మొదలెట్టావా?" అని అడిగింది.

నూకరత్నం ఆ అరచేతి నుంచి చర్మం పొర ఒకటి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చీలికల్లోంచి లోపలికి దిగిన పోగులు అక్కడితో ఆగలేదు. చెమటలో ఉప్పు దొరికింది. దొరికినకొద్దీ లోపలికి అల్లుకుపోయి, స్పర్శ తెలిపే నరాల కొసలని ఒక్కొక్కటిగా చుట్టేసి మూటకట్టేశాయి. జెల్ విడిపోకుండా ఆపిందేదో అదే ఇప్పుడు చర్మాన్నీ ఆపేసింది. ఆ చేతులకి ఇక పగులు లేదు, ముడత లేదు, మార్పు లేదు. బయటి లోకం వార్త ఏదీ లోపలికి చేరదు.

ఆ రిపోర్టు విశ్వంభర్ బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. ఆశ్చర్యం ఏమిటంటే పూర్తిగా చదివాడు.

"ఇది లోపం కాదు రత్నం గారూ. గుణం. నొప్పి తెలియని చేతులు! శేషగిరిగారి ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, జీడిపప్పు బట్టీలు, గాజు పని, సున్నపు పని... ఎంతమందికి ఉపకారం!"

"పిల్ల చచ్చేది సర్."

"చావలేదు కదా."

నూకరత్నం లేచి, అలమరలోంచి జెల్ సీసా తెచ్చి మూత తీసి ఆయన ముందు పెట్టింది. "అంత ఉపకారమైతే మీ చేతికి రాసుకోండి. ఒక్క చేతికి చాలు. ఎడం చేతికి."

విశ్వంభర్ కుర్చీ కాస్త వెనక్కి జరిగింది. "నాకు... ఎలర్జీ ఉందండి."

"దేనికి సర్?"

ఆయన జవాబు వెతుక్కుంటూ ఉండగా ఆమె అదే సీసాలో వేలు ముంచి, తన ఎడం అరచేతికి నిండా పట్టించుకుంది. ఏ క్షణాన ఏం చేస్తుందోనన్నట్టు చూస్తున్న ఆయన్ని అక్కడే వదిలేసి బయటికొచ్చింది.

తీసేదెలాగో తెలుసుకోవాలంటే పట్టించిన చెయ్యి ఒకటి ఉండాలి. చెల్లెలి చెయ్యి మీద మరో ప్రయోగం చేయడానికి ఆమెకి మొహం చెల్లలేదు. నెల తిరిగేసరికి ఎడం చేతికి స్పర్శ పోయింది. ఆ తర్వాత ఒక్కొక్క ద్రావణంలో ముంచి చూసుకుంది. చివరికి ఉప్పుని లాగేసుకునే ద్రావణం ఒకటి పనిచేసింది. ఉప్పు అందక పోగులు వదులై, ముద్దకట్టి, పై చర్మంతో సహా ఊడొచ్చాయి. తొమ్మిది రోజులు పట్టింది. నాలుగో రోజు నుంచి గాలి తగిలినా ప్రాణం పోయేంత మంట. చేతికి కట్టు కట్టుకుని తిరుగుతూ, నొప్పి మాత్ర మింగకుండా, ఎంత నొప్పో గంటగంటకీ రాసిపెట్టింది. చెల్లెలికి అబద్ధం చెప్పకూడదు కదా.

*

"నేను తీయించుకోను" అంది సత్యవేణి.

"ఏంటీ?"

"నాకు నొప్పి లేదు గదా. లేని నొప్పిని తెచ్చిపెడతానంటావేంటి?"

"లాస్యకి ఫిట్స్ వచ్చాయే!"

"ధర్మామీటరు కొన్నాను. రోజూ మూడుసార్లు పెడతన్నాను." సత్యవేణి గొంతు పెరగలేదు. దానికే నూకరత్నానికి భయమేసింది. "అమ్మ చేతులు నువ్వూ చూశావు, నేనూ చూశాను. నువ్వు చూసి పారిపోయి చదువుకున్నావు. మంచి పని చేశావు. నేను అవే చేతుల్తో అక్కడే ఉండిపోయాను. ఏడేళ్ళక్కా. కూరలో కారం తగిలితే కళ్ళంట నీళ్ళొచ్చేవి. చెంచాతో తినేదాన్ని. మా ఆయన దొరసాని అని నవ్వేవాడు. ఇప్పుడు చేత్తో కలుపుకుని కడుపునిండా తింటన్నాను. ఏసీ గదిలో కూర్చునేదానివి, నీకు తెలియడమే ముద్దు. నాకు తెలియకపోవడమే సుఖం."

"వాళ్ళు నీ చేత గొడ్డుచాకిరీ చేయించుకుంటున్నారు."

"ముందు చేయించుకోలేదా? అప్పుడెందుకు రాలేదు నీకీ కోపం?"

నూకరత్నం లేచింది. మూర్ఖురాలు, అనుకుంది. గుమ్మం దాకా వెళ్ళాక మాత్రం, ఆ మాట ఎవరికి సరిపోతుందో తేల్చుకోలేకపోయింది.

*

అనుమతుల కమిటీ విజయవాడలో ఒక హోటల్ హాల్లో కూర్చుంది. ముగ్గురు సభ్యులు. పదవి దిగి పదేళ్ళయినా ఆ దర్జా దిగని ఒక అధికారి. వారం వారం టీవీలో కనపడే చర్మ వైద్యుడు. సమావేశమంతా ఫోన్లో ఏదో చూసుకుంటున్న ఒక ప్రొఫెసరు. విశ్వంభర్ తన తరఫున సత్యవేణిని తీసుకొచ్చాడు. పట్టుచీర కట్టించి, రెండు చేతుల్నీ నల్ల మఖమల్ గుడ్డ మీద పెట్టించి కూర్చోబెట్టాడు. నగల కొట్లో బొమ్మలా. శేషగిరి చెప్పాడని ఆమె వచ్చింది. అక్క కళ్ళలోకి చూడలేదు.

నూకరత్నం తన రిపోర్టు చదివింది. అనుమతి లేకుండా సొంత చెల్లెలి మీద వాడినట్టు చెప్పింది. జ్వరం సంగతి చెప్పింది.

మధ్యలో టీ వచ్చింది. స్టీలు గ్లాసులు, పొగలు కక్కుతున్నాయి. అధికారి గ్లాసు పట్టుకోబోయి "అబ్బా" అని వదిలేశాడు. టీవీ డాక్టరు రుమాలు చుట్టి పట్టుకున్నాడు. సత్యవేణి తన గ్లాసుని గుప్పిట్లో నిండా పట్టుకుని, ఎవరో అడిగినదానికి జవాబు చెబుతూ ఉంది.

"వేణీ, గ్లాసు దించు" అంది నూకరత్నం.

సత్యవేణి గ్లాసు కేసి చూసింది. గబుక్కున కింద పెట్టింది. డాక్టరు లేచొచ్చి, ఆ అరచెయ్యి తిప్పి చూశాడు.

"అద్భుతం! ఎర్రబడను కూడా లేదు!"

పైన ఎర్రబడదు, లోపల కాలుతుంది, అని నూకరత్నం అరిచినంత పనిచేసింది. ప్రొఫెసరు ఫోన్లోంచి తలెత్తి, చప్పుడెందుకన్నట్టు చూశాడు.

వాళ్ళు గంటసేపు ఆలోచించారు. ముఖానికి వాడకూడదన్నారు, స్పర్శ లేని బుగ్గలు ఆడవాళ్ళకి అన్యాయమని డాక్టరు చమత్కరిస్తే ముగ్గురూ నవ్వుకుని. చేతులకి, అదీ ఫ్యాక్టరీ పనివాళ్ళ చేతులకి మాత్రం, తగిన హెచ్చరికతో వాడుకోవచ్చన్నారు. ఆ హెచ్చరిక ఏమిటో అక్కడే రాయించారు. 'ఈ జెల్ వాడువారు పసిపిల్లల జ్వరమును చేతితో పరీక్షించరాదు.' సీసా అడుగున, చీమతలంత అక్షరాలతో.

నూకరత్నం రాజీనామా అక్కడే, ఆ హోటల్ కాగితం మీదే రాసిచ్చింది. విశ్వంభర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఆవేశం తగ్గాక మాట్లాడదాం" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఇతన్ని ద్వేషిస్తున్నాననుకుంది ఆమె. ద్వేషించడానికి కూడా అవతల ఒక మనిషి ఉండాలని అప్పుడర్థమైంది.

*

జెల్ సీసాలు శేషగిరి ఫ్యాక్టరీలో పనివాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. నూకరత్నం తన ఇంటి ముందుగదిలో సామానంతా తీసేసి నాలుగు తొట్లు పెట్టుకుంది. జెల్ తీసే ద్రావణం ఎలా చేసుకోవాలో ఒక కాగితం మీద తేలిక తెలుగులో అచ్చు వేయించి, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి పంచింది. ఆడవాళ్ళు తీసుకున్నారు. కొందరు చదివారు. చాలామంది వాటిలో రొట్టెముక్కలు చుట్టుకున్నారు. "పెద్ద చదువులమ్మ మా నొప్పులు మాకు తిరిగిస్తదంట" అని ఒకామె అంటే మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. శేషగిరి వచ్చి, "మేడం, గేటు దగ్గర గుమిగూడకూడదండి" అని చాలా మర్యాదగా పంపేశాడు. ఒక్కరూ రాలేదు. నెలన్నర పాటు ఆ తొట్లు ఖాళీగానే ఉన్నాయి. వెనక వాటాకీ ముందు వాటాకీ మధ్య మాటల్లేవు.

ఒక బుధవారం పొద్దున్నే సత్యవేణి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది. పిల్ల చంకలో ఉంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, పిల్ల కిందకి దిగాలని ఏడుస్తోంది.

"హార్బరు దగ్గర చేపల మార్కెట్టుకెళ్ళాను" అంది. "ఇది నా వేలు పట్టుకుని నడుస్తంది. బేరమాడతన్నాను, నడుస్తన్నాను, మళ్ళీ బేరమాడతన్నాను. ఇది పక్కనే ఉందనుకుంటన్నాను. చెయ్యి పట్టుకునే ఉందనుకుంటన్నాను. ఎవరో, 'నీ పిల్లేదమ్మా' అన్నారు. చూస్తే చేతిలో ఏమీ లేదు. ఎప్పుడొదిలేసిందో నాకు తెలీదు. అటు నీళ్ళు, ఇటు లారీలు..."

ఐసు పెట్టెల వెనక దొరికిందట. చేప తోక పట్టుకుని ఆడుకుంటోందట.

సత్యవేణి పిల్లని దించలేదు. ఒక్క చెయ్యి చాచి బల్ల మీద పెట్టింది. అందమైన చెయ్యి. "తీసెయ్యి" అంది.

"చాలా నొప్పెడుతుందే."

"తెలుసు. కాగితం మీద రాశావుగా. చదివాను."

మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు చర్మం పాలమీగడలా లేచింది. టీ గ్లాసు పట్టుకున్న చోట లోపల ఇంతింత పుండు, మానక, చీము పట్టి బయటపడింది. నూకరత్నం దాన్ని కడుగుతూ తలెత్తలేకపోయింది. అయిదో రోజు నుంచి సత్యవేణి తిట్టడం మొదలెట్టింది. అక్కని తిట్టింది. అక్క చదువుని తిట్టింది. విశ్వంభర్‌ని, శేషగిరిని, ఆ ముగ్గురు పెద్దమనుషుల్ని పేట భాషలో, పేటలో కూడా మగవాళ్ళే వాడే మాటల్తో తిట్టింది. నూకరత్నం ఏ మాటకీ అడ్డు చెప్పలేదు. అన్నం కలిపి నోట్లో పెట్టింది. తొట్టిలో ద్రావణం మార్చింది. ఎనిమిదో రోజు తనంతట తానే అంది: "ఆసుపత్రిలో ఆ డాక్టరు నిన్ను అన్నప్పుడు నేను నోరు మెదపలేదు."

"చూశాను" అంది సత్యవేణి. అంతే. క్షమించానని అనలేదు. నూకరత్నం అడగలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సత్యవేణి చేతులు తొట్టిలోంచి తీసి ఒళ్ళో పరిచిన మెత్తటి గుడ్డ మీద పెట్టుకుని కూర్చుంది. ఒలిచిన దానిమ్మలా ఎర్రగా ఉన్నాయి. కిటికీలోంచి గాలి వస్తే పళ్ళు బిగబట్టింది. నేల మీద ఆడుకుంటున్న లాస్య లేచి బుడిబుడి అడుగులు వేసుకుంటూ వచ్చి, ఎవరూ అనుకోకముందే తల్లి బొటనవేలు గుప్పిట పట్టుకుంది.

సత్యవేణి పెట్టిన కేక వీధి చివరిదాకా వినబడింది. నూకరత్నం పరుగున వచ్చి పిల్ల చెయ్యి విడిపించబోయింది.

"ముట్టుకోకు!" సత్యవేణి అక్క మీద కసిరింది. కళ్ళలోంచి నీళ్ళు బుగ్గల మీదికి కారిపోతున్నాయి. "పట్టుకోనీ. వెచ్చగా ఉంది."

వీధి గుమ్మంలో ఇద్దరాడవాళ్ళు ఆగిపోయి ఉన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళే. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పట్టుకుని సత్యవేణిని చూడటానికి వచ్చారు. కేక విని, ఆ ఎర్రటి చేతుల్ని చూశారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి గబగబా వెళ్ళిపోయింది.

రెండో ఆమె చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది.